నీలం రాని ఫ్లాస్కు

షాలిని చేతిలోని ఫ్లాస్కులో రంగు మళ్ళీ వంకాయ దగ్గరే ఆగిపోయింది.

అది ఎర్రద్రాక్ష రంగు నుంచి నీలానికి మారాలి. పుస్తకంలో అలాగే ఉంది. ల్యాబ్ గోడకి అతికించిన చార్టులోనూ అలాగే ఉంది. ఉదయశంకర్ సారు బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసింది కూడా అదే. పైనున్న గాజుగొట్టంలోంచి, అంటే బ్యూరెట్‌లోంచి, చుక్క చుక్కగా మందు పడుతుంటే ఎరుపు పలచబడుతూ పోయి, ఏదో ఒక చుక్క దగ్గర ఠక్కున నీలం కావాలి. ఆ ఠక్కున అన్నది షాలినికి ఈ ఏడాదంతా ఒక్కసారీ ఎదురుకాలేదు. ఎరుపు వంకాయ రంగవుతుంది, ఆ వంకాయ అక్కడ మొండికేస్తుంది. ఇంకో చుక్క వేస్తే నీలం వచ్చినట్టే ఉంటుంది, ఫ్లాస్కు తిప్పేసరికి ఎరుపు మళ్ళీ తొంగిచూస్తుంది. తలుపు మూశాక కూడా గుమ్మంలోనే నిలబడి మాట్లాడే చుట్టంలాగ.

"ఏటే, ఇంకా అవలేదేటి?" అంది పక్క బల్ల దగ్గర్నుంచి కుసుమ. బ్యూరెట్ కడిగేసి, సంచి భుజానికి తగిలించుకుని, బస్సెక్కడానికి సిద్ధంగా ఉంది.

"నీలం రాలేదే."

"ఎవులికొచ్చినాదే తల్లీ? ఆగిపోయిన కాడ ఆపీసి రీడింగు రాసీ. పాయింటు ఎనిమిదితో కొట్టు. అయిపోద్ది."

కొట్టడమంటే గుణించడం. టెక్కలిలోని ఆ చిన్న ప్రైవేటు పీజీ కాలేజీలో, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివే ప్రతి బ్యాచ్‌కీ పై బ్యాచ్ అప్పగించి వెళ్ళే ఆస్తి అది. ఫ్లాస్కులో ఎంత జింకు ఉందో కనుక్కోమని సారు ఇస్తాడు. పద్ధతి ప్రకారం చేస్తే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. వచ్చినదాన్ని పాయింటు ఎనిమిదితో గుణిస్తే సారు దగ్గరున్న అసలు విలువకి దగ్గరగా వచ్చి కూర్చుంటుంది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. వర్షాకాలంలో తలుపు బిగుసుకుంటే కాలితో తన్ని తెరుస్తాం, ఇదీ అంతే. సారుకి ఈ సంగతి తెలుసో తెలియదో కూడా ఎవరికీ తెలియదు. తెలియనట్టు ఉండటం ఆయన మర్యాద, అడగకపోవడం పిల్లల మర్యాద.

షాలిని గుణించదు. ఇది నిజాయితీ అనుకునేవాళ్ళు క్లాసులో ఇద్దరు ముగ్గురున్నారు. ఆమె ఊరి పేరు కలిపి "అక్కుపల్లి అమ్మగారు" అని ఎగతాళి చేసేవాళ్ళూ ఉన్నారు. నిజానికి అది నిజాయితీ కాదని షాలినికి తెలుసు. ఒక్కసారి గుణిస్తే తన కళ్ళు మంచివో కావో ఇక ఎప్పటికీ తెలియదన్న భయం అది. తప్పు చేస్తున్నానని తెలిసినా ఆ తప్పు తనదేనా అన్న సందేహం ఆమెని లోపల్నుంచి గోకుతుంది. గోకినచోట చెయ్యి పెట్టకుండా ఉండలేదు.

దానికి ఫలితం మోడల్ ప్రాక్టికల్స్‌లో వచ్చింది. క్లాసంతా పాసై, తనొక్కతే తప్పింది. అసలు పరీక్ష వచ్చే గురువారం. పైడిభీమవరం దగ్గర మందుల కంపెనీ ఒకటి, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ట్రైనీగా ఆమెని తీసుకుంటామంది. ఒక్క పేపరు కూడా మిగలకుండా పాసవ్వాలన్నది వాళ్ళ షరతు. గురువారం తప్పితే ఆ ఉద్యోగం లేదు. మళ్ళీ ఏడాది ఈ వంకాయ రంగు ముందు నిలబడాలి.

"పోనీ ఈ ఒక్కసారికి కొట్టీ," అంది కుసుమ గుమ్మం దగ్గర ఆగి. "ఉజ్జోగంలో సేరినాక నీకు నచ్చినట్టు సేసుకో."

"అక్కడ నాకు పాయింటు ఎనిమిది ఎవులు సెప్తారే?"

"ఎహె, నీతో పెట్టుకుంటే నా బస్సు పోద్ది," అని కుసుమ వెళ్ళిపోయింది.

నెల కిందట షాలిని కాశీబుగ్గలో కళ్ళ డాక్టరు దగ్గరకి కూడా వెళ్ళింది. చుక్కల చుక్కల బొమ్మల్లో అంకెలు చదవమన్నాడాయన. గడగడా చదివింది. "ఏటమ్మా నీ బాధ?" అన్నాడు. "నీలం రావట్లేదు సార్," అంది. ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూసి, నిద్ర సరిగ్గా పడుతోందా అని అడిగాడు. బయటికొచ్చాక నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కళ్ళు బాగున్నాయని తేలడం ఆమెకి ఏమాత్రం ఊరట ఇవ్వలేదు. కళ్ళు కాకపోతే వాటి వెనకున్నదేదో చెడింది అన్నమాట. ఆ వెనకున్నదానికి డాక్టరు కాశీబుగ్గలో లేడు.

కుసుమ వెళ్ళాక ల్యాబ్ ఖాళీ అయింది. సారు పక్క గదిలో జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాడు. షాలిని ఇంకోసారి మొదలుపెట్టింది. ఫ్లాస్కు కడిగింది. నీళ్ళు పోసింది. అమోనియా వాసన ముక్కులో గుచ్చుకుంటుంటే బఫరు ద్రావణం పోసింది. చిటికెడు రంగు పొడి వేసింది. ఎర్రద్రాక్ష రంగు వచ్చింది. బ్యూరెట్ కిందకి తెచ్చి పెట్టి, జింకు కొలిచి పోసే పిపెట్ పక్కకి జరపబోయి ఆగిపోయింది.

పిపెట్ పొడిగా ఉంది.

జింకు ద్రావణం వేయడమే మరిచిపోయింది. విసుగుతో చేసే పనిలో ఇలాంటివి జరుగుతాయి. చేతులు తమ దారిన తాము చేసుకుపోతాయి, మనిషి ఎక్కడో ఉంటుంది. "ఛీ" అనుకుని పారబోయడానికి ఫ్లాస్కు ఎత్తింది. అప్పుడు ఇంకో సంగతి కొంచెం ఆలస్యంగా ఆమెని చేరింది. జింకు లేకపోతే ఇది ఎర్రబడకూడదు. వట్టి నీళ్ళలో ఆ పొడి మొదటినుంచీ నీలంగానే ఉండాలి.

ఫ్లాస్కు సరిగ్గా కడగలేదనుకుంది. కడిగి మళ్ళీ చేసింది. ఎరుపు. ఇంకో ఫ్లాస్కు తీసింది, దాన్నీ కడిగింది. ఎరుపు. బీరువాలోంచి ఎవరూ వాడని కొత్త ఫ్లాస్కు తీసి, మూడుసార్లు తొలిచి కడిగి చేసింది. అదీ ఎరుపే. నాలుగో ఫ్లాస్కు కడగబోతూ, చేతిలోని సీసాలోంచి ధార పడుతుంటే, ఆ ధారని చూసింది.

కడుగుతున్నదీ ఆ నీళ్ళతోనే, పోస్తున్నదీ ఆ నీళ్ళే.

ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రం కాలిపోయి చాలాకాలమైంది. లోపలి హీటరు మార్చాలని సారు కాగితం పెట్టాడు, అది ఆఫీసులో ఎక్కడో ఉంది. అప్పట్నుంచి మూలనున్న ఆర్వో ప్లాంటు టిన్నులోంచి నీళ్ళు పట్టుకుంటున్నారు. తాగడానికి తెప్పించుకునే టిన్ను అది. దానిమీద ప్లాంటు పేరు, నీలం రంగులో నీటిచుక్క బొమ్మ. ఏడాదంతా షాలిని రోజూ తన చేత్తో అందులోంచే సీసా నింపుకుంది. ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు.

ఎందుకు రాలేదన్నది ఆమెని రంగుకంటే ఎక్కువ చికాకుపెట్టింది. ఆ నీళ్ళలో కాస్తో కూస్తో ఉప్పులుంటాయని ఎమ్మెస్సీ చదివేదానికి తెలియదా? తెలుసు. అడిగితే రాసేది. పది మార్కులకి రెండు పేజీలు రాసేది. కానీ ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ప్లాంటు నీళ్ళంటే ఒక రకం నీళ్ళు కావు. బోరు నీళ్ళు తాగి కిడ్నీలు పోతున్నాయో, మరి దేనివల్ల పోతున్నాయో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ చెప్పకపోవడంలోంచి పుట్టిన నమ్మకం అది. పసిపిల్ల పాలకి అవే. మాత్ర వేసుకోవడానికి అవే. వాళ్ళ బాప్టిస్టు చర్చిలో మొదటి ఆదివారం ప్రభువు బల్లకి ద్రాక్షరసం కలిపేదీ వాటితోనే. ఏ నీళ్ళలో భయం ఉందో తెలియదు కాబట్టి, ఈ నీళ్ళలో ఏమీ లేదని అందరూ కలిసి ఒప్పుకున్నారు. షాలిని ఆ ఒప్పందాన్ని పాలతోపాటు తాగింది. చదువు దానిమీద వచ్చి పడింది గానీ దాన్ని తాకలేదు.

ఎర్ర ఫ్లాస్కు పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళింది.

"సార్, ఇందులో జింకు వేయలేదు."

ఉదయశంకర్ సారు కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. నలభై దాటిన మనిషి, కాశీబుగ్గవాడు. ఆయన అన్నగారు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తారని అందరికీ తెలుసు. ఆయన బల్లమీద ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు సీసా ఎప్పుడూ ఉంటుంది.

"ఫ్లాస్కు కడుక్కో."

"మూడు ఫ్లాస్కులు కడిగి చూశాను సార్. నీళ్ళే."

"ఏ నీళ్ళు?"

"మనం పోస్తున్న నీళ్ళు. టిన్నువి."

"ఆర్వో వాటరమ్మా అది," అన్నాడాయన, చిన్నపిల్లకి చెప్పినట్టు. "అందులో ఏటుంటాది?"

షాలిని ఇంకో ఫ్లాస్కు తెచ్చి ఆయన ఎదుటే నీళ్ళు పోసింది, బఫరు పోసింది, పొడి వేసింది. ఎరుపు నెమ్మదిగా కాదు, ఒక్కసారిగా విచ్చుకుంది. సారు దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత తన స్టీలు సీసా వంక చూశాడు. చూసినట్టు షాలిని గమనించిందని తెలిసి కిటికీవైపు తిరిగాడు.

"తాగడానికి మంచివే సార్," అంది షాలిని తొందరగా. "కాస్త కాల్షియం, మెగ్నీషియం ఉంటేనే మంచిది. మన లెక్కకే..."

"తాగడం గురించి నిన్నడిగానా?"

ఆ గొంతుకి షాలిని బిత్తరపోయింది.

"గురువారం ఎక్స్‌టర్నల్ వస్తంది. విశాఖపట్నం నుంచి. గట్టి మనిషి," అన్నాడాయన ఎర్రపెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "పరీక్షల ముందు ఇలాంటివి మొదలెట్టకు. అందరికీ వస్తన్నాది, నీకొక్కదానికే రావట్లేదు. ముందు నీ చెయ్యి చూసుకో."

అందరికీ ఎలా వస్తోందో ఆయనకి చెప్పడం సాధ్యం కాదు. చెబితే క్లాసంతా పోతుంది. చెప్పకపోతే తను పోతుంది. ఫ్లాస్కు కడిగి బోర్లించి షాలిని బస్సు పట్టుకుంది.

ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. కానీ ఏడాదిగా మోస్తున్న తప్పు తనది కాదని తేలిన రోజున ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండటం మనిషివల్ల కాదు. అమ్మ జ్ఞానసుందరి చేపలు తోముతోంది. నాన్న ఎజ్రా అరుగు మీద కొబ్బరితాడు పేనుతున్నాడు.

"అమ్మా, నా తప్పు కాదే. నీళ్ళలోనే ఉన్నాది."

అమ్మ చెయ్యి ఆగింది. "ఏ నీళ్ళలో? ఏటున్నాది?"

"ప్లాంటు నీళ్ళలో. అంటే, ఉండేదే ఉన్నాది. సెడ్డది కాదు."

"ఓలమ్మో! ప్లాంటు నీళ్ళలోనా? ఇన్నాళ్ళూ ఏటి తాగీసినాం మరి? మీ నాన్నకి ఏటి పోసీసినాను?"

"సెడ్డది కాదంతన్నాను కదే!"

"ఉన్నాదంతావు, సెడ్డది కాదంతావు," అన్నాడు ఎజ్రా. ఆయనకి ఆర్నెల్లకోసారి రక్తం పరీక్ష. ఇప్పటివరకూ గీత దాటలేదు, దాటలేదని చెప్పిన ప్రతిసారీ గీత గుర్తొస్తుంది. "సెడ్డది కాకపోతే సెప్పడం దేనికి పిల్లా?"

"లెక్కకి సెడ్డది నాన్నా, ఒంటికి కాదు. మేం పరీక్షకి వాడే నీళ్ళల్లో అసలేటీ ఉండకూడదు. తాగే నీళ్ళల్లో కొంచెం ఉంటేనే రుచి."

"అయితే ఒంట్లో రోగానికి ఏటి కారణం?"

"అది నాకు తెలీదు. ఎవులికీ తెలీదు."

"అది తెలీదు గాని మిగతాదంతా తెలుసు," అంది జ్ఞానసుందరి చేపలవైపు తిరిగి. "ఏం సదువే అది? రెండేళ్ళు సదివి, ఉన్న ధైర్నాన్ని తీసీడానికా?"

మూడు వాక్యాలు చెప్పింది షాలిని. నీళ్ళలో ఏదో ఉంది, అది చెడ్డది కాదు, రోగానికి కారణం ఎవరికీ తెలియదు. వాళ్ళు మొదటిదాన్ని మాత్రమే ఉంచుకుని మిగతా రెండూ ఊసేశారు. మర్నాటి నుంచి అమ్మ టిన్ను నీళ్ళు మరిగించడం మొదలుపెట్టింది. మరిగించినందుకు నాన్న విసుక్కుని, ఆ నీళ్ళు చప్పగా ఉన్నాయని సగం గ్లాసు వదిలేశాడు. ఆ సగం గ్లాసు వంక చూస్తే షాలినికి ఒళ్ళు మండింది. ఎవరిమీదో తేల్చుకోలేకపోయింది. కూర్చుని బతిమాలింది, కోప్పడింది. చివరికి ఆయన ఎదుట తనే టిన్ను నీళ్ళు గటగటా రెండు గ్లాసులు తాగి చూపించింది. "సరే, ఎహె, ఉండు తాగుతాను," అన్నాడాయన నవ్వుతూ. నవ్వు నమ్మినట్టు లేదు గానీ గ్లాసు ఖాళీ చేశాడు.

గురువారం ల్యాబ్‌లోకి అడుగుపెట్టగానే ఫినాయిలు వాసన. ఎక్స్‌టర్నల్ విజయకుమారి మేడమ్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఆవిడ పక్కన సారు, ఇస్త్రీ చొక్కాలో, ఎవరి ముఖంలోకీ చూడకుండా. తలా ఒక ఫ్లాస్కులో జింకు ద్రావణం ఇచ్చారు. ఎవరి ఫ్లాస్కులో ఎంత ఉందో సారు దగ్గరున్న కాగితంలో ఉంటుంది.

షాలిని ముందు అందరిలాగ జింకు తీసుకోలేదు. వట్టి నీళ్ళతో మొదలుపెట్టింది. నీళ్ళలో ఉన్నదెంతో ముందు కొలిచి, ఆ తర్వాత అసలు రీడింగులోంచి తీసేస్తే మిగిలేది జింకే. థియరీలో రెండు మార్కులకి వచ్చే బ్లాంక్ ఇదే. బఫరు పోసింది, పొడి వేసింది.

నీలం.

ఒక్క చుక్క మందు పడకముందే నీలం. తెల్లవారుఝామున సముద్రం మీద కాసేపే ఉండే రంగు. ఆమెకి మొదట కలిగింది సంతోషం కాదు, అనుమానం. సీసా వాసన చూసింది. మూలకి చూసింది. ప్లాంటు టిన్ను లేదు. దాని స్థానంలో చిన్న క్యాన్లు వరసగా ఉన్నాయి, వాటికి అంటించిన కాగితాలు గోళ్ళతో గీకేసి ఉన్నాయి. మిగిలిన ముక్కమీద బ్యాటరీ బొమ్మ సగం కనిపిస్తోంది. ఇన్వర్టర్లలో పోసే డిస్టిల్డ్ వాటర్. సారే పొద్దున్నే బ్యాటరీ షాపునుంచి తెప్పించినట్టున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇన్నాళ్ళూ పోసినవేమిటని అడుగుతారు.

సారు ఆమెవైపు చూడటం లేదు.

అప్పుడు షాలినికి ఇంకో సంగతి తట్టింది. నీళ్ళు మారాయి, క్లాసుకి తెలియదు. అందరూ అలవాటుగా గుణించేస్తారు.

"కుసుమా," అంది పెదవులు కదపకుండా. "ఈయాల కొట్టకే. నీళ్ళు మారినాయి."

"ఏటీ?"

"పాయింటు ఎనిమిదితో కొట్టకు. ఉన్నది ఉన్నట్టు రాసీ."

కుసుమ ఆమె వంక జాలిగా చూసింది. "ఏడాదంతా తప్పొచ్చినాది నీకు. నాకు సెప్తన్నావేటే?"

"నీలం వచ్చినాదా లేదా నీకు? ఠక్కున రాలేదా?"

"వచ్చినాది. మంచిరోజు, వచ్చినాది. నువ్వు నోరు మూసుకో, ఆవిడ సూస్తంది."

ఎవరికైనా ఇంకేం చెప్పగలదు? ఏడాదిగా క్లాసులో అతి తక్కువ మార్కుల మనిషి, పరీక్షలో పక్కకి వంగి, లెక్క మార్చుకోమంటోంది. తనైనా నమ్మేది కాదు. షాలిని తన జింకు తీసుకుని, మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అదే గీత దగ్గర నీలం వచ్చింది. గీతలో వెంట్రుకవాసి తేడా లేదు. వచ్చిన అంకె రాసి ఇచ్చేసింది.

విజయకుమారి మేడమ్ కాగితాలు సారు కాగితంతో పోల్చి చూస్తూ, ఒక్కొక్కటీ పక్కన పెట్టింది. కొంతసేపటికి కళ్ళజోడు తీసేసింది.

"షాలిని ఎవరు?"

షాలిని నిలబడింది.

"అందరికీ తక్కువొచ్చింది. అందరికీ దాదాపు ఒకే వంతు తక్కువ. నీకొక్కదానికే సరిగ్గా వచ్చింది. సరిగ్గా అంటే మరీ సరిగ్గా." ఆవిడ సారువైపు తిరిగింది. "ఈ అమ్మాయి మోడల్‌లో తప్పింది కదండీ? ఈ కాగితం ఎక్కడ పెట్టారు పొద్దున?"

"నా జేబులోనే ఉంది మేడమ్," అన్నాడు సారు.

"జేబులోంచి అమ్మాయికి వెళ్ళలేదు కదా?"

ల్యాబ్‌లో ఎవరో కిసుక్కుమన్నారు. తప్పు రాసినన్నాళ్ళూ చేతకానిది, ఒప్పు రాసిన రోజున దొంగ. దీనికి ఎక్కడన్నా అంతుందా? ఏడుపొస్తుందనుకుంది గానీ రాలేదు. దానికి బదులు విసుగు వచ్చింది, నడినెత్తిన ఎండలాగ తిన్నగా, స్పష్టంగా.

"మీరే కలిపివ్వండి మేడమ్," అంది. "ఎంత వేశారో ఎవరికీ చెప్పకండి. చేసి చూపిస్తాను."

సారు తల ఎత్తాడు. మేడమ్ లేచి, అందరికీ వీపు పెట్టి ద్రావణం కలిపి తెచ్చి బల్లమీద పెట్టింది. క్లాసంతా చుట్టూ మూగింది. షాలిని బ్యూరెట్ నింపింది. ఇంతమంది చూస్తుంటే చెయ్యి ఆడదనుకుంది. తీరా ఫ్లాస్కు పట్టుకున్నాక వాళ్ళంతా ఎక్కడికో పోయారు. ఎరుపు ఉంది. ఎరుపు పలచబడింది. ఇంకా కాదు. ఇంకా కాదు. చుక్క గొట్టం అంచున వేలాడింది. దాన్ని గాజుకి తాకించి, కొంచెం నీళ్ళతో లోపలికి తోసింది. తిప్పింది.

"ఇదిగోండి," అని అంకె చెప్పింది.

మేడమ్ చేతిలోని కాగితంముక్క చూసుకుంది. "మరి మిగతావాళ్ళకి ఏమైంది?" అంది.

ఇదే అసలు ప్రశ్న. నాకేం తెలుసు అనొచ్చు. అలా అంటే పైడిభీమవరం, నెల జీతం, అన్నీ తనవి. మిగతావాళ్ళు తప్పుతారు, తప్పితే కారణం కూడా వాళ్ళకి తెలియదు. ఏడాదిగా తనకి తెలియనట్టే.

"వాళ్ళు బాగానే చేశారు మేడమ్. చివర్న పాయింటు ఎనిమిదితో గుణించారు. ఏడాదంతా ప్లాంటు నీళ్ళతో చేశాం. వాటితో ఎక్కువొస్తుంది, అందుకని అలవాటు. ఈరోజు నీళ్ళు మంచివి, అది వాళ్ళకి తెలియదు."

వెనకనుంచి ఎవరో "సచ్చినాం" అన్నారు.

"ప్లాంటు నీళ్ళా? తాగే ఆర్వో వాటరా?" మేడమ్ నిజంగానే నోరు తెరిచింది. "కెమిస్ట్రీ ల్యాబ్‌లో? ఎవరికీ తట్టలేదా?"

తట్టలేదు. ఎందుకు తట్టలేదో విశాఖపట్నం మనిషికి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? ప్రభువు బల్ల దగ్గర్నుంచా? నాన్న వదిలేసిన సగం గ్లాసు దగ్గర్నుంచా?

"నేనే పొయ్యమన్నాను మేడమ్," అన్నాడు ఉదయశంకర్ సారు. చొక్కా కాలరు తడిసిపోయింది. "ఈ అమ్మాయి వచ్చి చెప్పింది. నేనే కసిరాను."

"ఎందుకండీ?"

"మా వైపు..." అని ఆగాడు. "మా వైపు ఆ నీళ్ళలో ఏమీ ఉండదనుకుంటాం మేడమ్."

మేడమ్ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆవిడకి అర్థం కాలేదని తెలుస్తూనే ఉంది. అర్థం కాకపోవడం ఆవిడ తప్పు కాదని కూడా తెలుస్తూ ఉంది. చివరికి వాచీ చూసుకుని విసురుగా నిట్టూర్చింది. "గుణకారాలు లేకుండా అందరూ మళ్ళీ చేయండి. నా ఎదుట. భోజనాలు తర్వాత. షాలినీ, నీది అయిపోయింది. పాసయ్యావు, వెళ్ళొచ్చు."

వెళ్ళొచ్చు అన్నారు గానీ తలుపు వరకూ దారి లేదు. క్లాసంతా అడ్డం నిలబడింది.

"దండాలే తల్లీ నీకు."

"మా బస్సు పోనాది, తిండి పోనాది. నీ కడుపు సల్లగుండ."

"ముందు సెప్తే ఏటి పోయేది?" అన్నాడు యువరాజు, వెనక బెంచీ వాడు.

"సెప్పినాను," అంది షాలిని. "కుసుమని అడుగు."

కుసుమ అందర్నీ తోసుకుని తన బల్ల దగ్గరకి పోయి, ఫ్లాస్కు ధబీమని పెట్టింది. నీళ్ళు పోసింది, జింకు వేసింది, పొడి వేసింది. బ్యూరెట్ కుళాయి తిప్పింది. షాలిని సంచి తగిలించుకుని కూడా వెళ్ళలేక, కిటికీ పక్కన నిలబడి బయటికి చూస్తున్నట్టు నటించింది.

"షాలినీ."

"ఏటి?"

"ఇది నీలమేనేటే?"

షాలిని తిరిగి చూసింది. నీలమే. సరిగ్గా అక్కడే. "నీలమే. ఆపు."

"వంకాయ లేదు కదా లోపల?"

"లేదు. ఆపీ."

"మంచిగా సూసి సెప్పవే, మళ్ళీ తప్పితే మా నాన్న సంపీస్తాడు," అంటూ కుసుమ, గట్టిగా ఉంటుందని, ఇంకో మూడు చుక్కలు వేసేసింది.

షాలిని రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. నీలం అలాగే ఉంది, ఎప్పటికీ అలాగే ఉంటుంది. రీడింగు మాత్రం పోయింది. ఒకటీ, రెండూ కాదు, నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. సంచి తీసి కింద పెట్టింది. "ఇలాగియ్యి," అని కుసుమ చేతిలోంచి ఫ్లాస్కు లాక్కుని, సింకులో పారబోసి, కడగడం మొదలుపెట్టింది.